రిచర్డ్ డిక్ ఎలా అయ్యాడు, మార్గరెట్ పెగ్గీ ఎలా అయింది?

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. విలియంను బిల్ అని, రిచర్డ్‌ను డిక్ అని, మార్గరెట్‌ను పెగ్గీ అని ఎందుకంటారు, అసలు పేరులో లేని అక్షరం ముద్దుపేరులోకి ఎక్కడి నుంచి వచ్చింది అన్నది మొదటిది. మీ ఆఫీసు మెయిళ్ళలో జాక్ అని సంతకం చేసే పెద్దమనిషి పేరును రికార్డులో జాన్ అని నమోదు చేయవచ్చా అన్నది రెండోది. మొదటిది తేలితే రెండోది సులువవుతుంది కాబట్టి ఆ వరుసలోనే చెబుతాను. ఎం.ఏ. విద్యార్థులకు ఇంగ్లీషు భాషా చరిత్ర పాఠం చెప్పిన రోజుల్లో ఏటా ఎవరో ఒకరు ఈ సందేహం లేవనెత్తేవారు. పాఠ్యప్రణాళికలో దీనికి చోటు లేదు గానీ, ఆ గంటలో తరగతి మొత్తం మెలకువగా ఉండేది.

ముందు ఒక అభిప్రాయాన్ని పక్కన పెట్టాలి. రిచర్డ్ అనే నిండు పేరు ఉండేది, జనం దాన్ని అరగదీసి డిక్ చేశారు అని మనం అనుకుంటాం. మధ్యయుగపు ఇంగ్లండులో దస్తావేజు మీద ఉన్నది రిచర్డ్ కూడా కాదు, రికార్డస్. గుమస్తాలు రాసింది లాటిన్‌లో. రాబర్టస్, విలెల్ముస్, జొహాన్నెస్ అని రాసుకుంటూ పోయేవారు. అదే మనిషిని ఇంట్లో, పొలంలో, సంతలో పిలిచింది మాత్రం హిక్ అనో, హాబ్ అనో, జాక్ అనో. చాలామందికి జీవితమంతా చెవిన పడిన పేరు పొట్టిదే. పొడుగు పేరు బాప్తిస్మం నాడు, కోర్టు మెట్లెక్కిన నాడు మాత్రం వినిపించేది. కాబట్టి డిక్ అనేది రిచర్డ్‌కు తోక పేరు అనడం కంటే, ఒకే మనిషికి నోటి పేరు ఒకటి, రాత పేరు ఒకటి ఉండేవి అనడం నిజానికి దగ్గర. ఇక్కడి నుంచి చూస్తే చాలా చిక్కులు విడిపోతాయి.

అసలు ఇన్ని పొట్టి పేర్ల అవసరం ఎందుకొచ్చింది? 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచారు. అంతకు ముందు అక్కడివారి పేర్లు గాడ్విన్, లియోఫ్రిక్, వుల్ఫ్‌స్టన్ వంటివి. రెండు మాటలు కలిపి ఎప్పటికప్పుడు కొత్త పేరు అల్లుకునేవారు కాబట్టి ఒకే పేరు పదిమందికి ఉండే బెడద తక్కువ. నార్మన్ల రాకతో విలియం, రాబర్ట్, రిచర్డ్, రోజర్, హెన్రీ, వాల్టర్ పేర్లు పైనుంచి కిందికి దిగాయి. వాటికి జాన్, థామస్ వంటి సాధువుల పేర్లు తోడయ్యాయి. కొన్ని తరాల్లోనే పాత పేర్లు దాదాపు మాయమయ్యాయి. మిగిలిన ఒకటి రెండింటిలో ఎడ్వర్డ్ ఒకటి. మూడో హెన్రీ రాజు ఎడ్వర్డ్ ద కన్ఫెసర్ అనే సాధురాజు మీద భక్తితో 1239లో పుట్టిన తన కొడుక్కి ఆ పేరు పెట్టాడు, అది బతికిపోయింది. 14వ శతాబ్దం వచ్చేసరికి ఏ ఊళ్ళో చూసినా జాన్లు, విలియంలు, రాబర్ట్లు. తండ్రి జాన్, కొడుకు జాన్, పక్కింటివాడూ జాన్. పేరు ఒకటే అయినప్పుడు పిలుపైనా వేరు కావాలి కదా.

ఆ పిలుపులు ఎలా ఉండేవో చూపే సాక్ష్యం ఒకటి నాకు చాలా ఇష్టం. 1381లో ఇంగ్లండులో పెద్ద రైతు తిరుగుబాటు జరిగింది. దాని నాయకుడు వాట్ టైలర్. వాట్ అంటే వాల్టర్. ఆ గొడవ చూసి భయపడిపోయిన జాన్ గోవర్ అనే కవి, తిరుగుబాటుదారులను ఈసడిస్తూ ఒక లాటిన్ కావ్యంలో వాళ్ళ పేర్లు వరసగా ఏకరువు పెట్టాడు: వాట్, టామ్, సిమ్, బెట్, గిబ్, హిక్, కాల్, జాక్, హాబ్. ఛందోబద్ధమైన లాటిన్ మధ్యలో ఈ మొరటు పేర్లు పంటి కింద రాళ్ళలా తగులుతాయి. ఆయన ఉద్దేశం కూడా అదే. వాల్టర్, సైమన్, గిల్బర్ట్, నికొలస్ అని రాస్తే వాళ్ళకు గౌరవం ఇచ్చినట్టవుతుంది. వెటకారానికి పొట్టి పేరు వాడటం అంతకు ముందూ ఉంది. 1306లో స్కాట్లండ్ రాజుగా పట్టం కట్టుకున్న రాబర్ట్ బ్రూస్‌ను ఇంగ్లీషువాళ్ళు ఎగతాళిగా ‘హాబ్ రాజు’ అన్నారు.

ఇక అక్షరాల సంగతి. వరుస చూడండి. రాబర్ట్ నుంచి రాబ్. రాబ్ నుంచి హాబ్, డాబ్, నాబ్, ఆ తరువాత బాబ్. రిచర్డ్ నుంచి రిక్, రిక్ నుంచి హిక్, డిక్. రోజర్ నుంచి హాడ్జ్, డాడ్జ్. విలియం నుంచి విల్, విల్ నుంచి బిల్. ఇది రెండు మెట్ల పని. ముందు తోక కత్తిరిస్తారు, తరువాత తల మారుస్తారు. మధ్య మెట్టు కనబడకపోవడం వల్లే మీకు రిచర్డ్‌కూ డిక్‌కూ సంబంధం లేదనిపించింది. మారింది మొదటి హల్లు ఒక్కటే, మిగతాది చెక్కుచెదరలేదు. మన పద్యాల్లో ప్రాస అంటే రెండో అక్షరం కలవడమే కాబట్టి తెలుగువాడికి ఇది ఇట్టే పట్టుబడాలి. అంతెందుకు, ‘కాఫీ గీఫీ’, ‘పుస్తకం గిస్తకం’ అని మనం రోజూ చేసే పని ఇదే. మనం వస్తువులతో ఆడుకుంటాం, వాళ్ళు మనుషుల పేర్లతో ఆడుకున్నారు.

దీనికి పండితులు చెప్పే మరో కారణం ఉంది. నార్మన్ల ర-కారం ఇంగ్లీషువాళ్ళ నోటికి తిరగక దాన్ని హ అనో, డ అనో పలికారని. ర-తో మొదలయ్యే మూడు పేర్లకూ అదే హ, డ జంట రావడం ఆ వాదనకు బలం. కానీ విల్ బిల్ కావడానికి, మెగ్ పెగ్ కావడానికి ర-తో పని లేదు. అందుకే నా మొగ్గు ఆట వైపే. ర పలకలేకపోవడం ఆటను మొదలుపెట్టి ఉండవచ్చు, ఆట మాత్రం అక్కడ ఆగలేదు.

ఆటకైనా నోరు ఒక దారి చూపిస్తుంది. మార్గరెట్ మెగ్ అయి పెగ్ అయింది, పెగ్గీ అయింది. మేరీ మాల్ అయి, మాలీ అయి, పాలీ అయింది. మార్తా మ్యాటీ అయి ప్యాటీ అయింది. మూడు చోట్లా మ పోయి ప వచ్చింది. మన వర్ణమాలలో ప ఫ బ భ మ ఒకే వరుసలో ఎందుకున్నాయో చిన్నప్పుడే నేర్చుకున్నాం. అన్నీ పెదవులు కలిస్తే పుట్టేవి. విల్‌లోని వ-కారమూ ఇంగ్లీషులో రెండు పెదవులు గుండ్రంగా చుట్టి పలికేదే, అది పక్కనున్న బ-లోకి జారింది. అయితే బిల్ చాలా ఆలస్యంగా వచ్చినవాడు. హిక్, హాబ్ 13వ శతాబ్దానికే ఉన్నారు. బిల్ వాడుకలో నిలబడింది 17వ శతాబ్దం చివరి భాగంలో. ఆ కాలపు మూడో విలియం రాజును ఐర్లండులోని ప్రొటెస్టెంట్లు నేటికీ ‘బిల్లీ రాజు’ అంటారు.

మేరీ మాల్ కావడంలో ఇంకో మార్పు దాగి ఉంది: ర పోయి ల వచ్చింది. సారా శాలీ అయింది, హ్యారీ హాల్ అయ్యాడు, డోరతీ డాల్ అయి డాలీ అయింది. పిల్లలు ఆడుకునే బొమ్మకు డాల్ అన్న పేరు ఆ డోరతీ నుంచే వచ్చింది. ‘రలయోరభేదః’ అన్నారు మనవాళ్ళు. రాముణ్ణి లాముడు అనే పసివాడు ఏ దేశంలోనైనా ఉంటాడు. అలాగే నోటికి అడ్డం పడే ర-ను, సంయుక్తాక్షరాన్ని ఊడబెరకడం కూడా మనకు కొత్త కాదు. క్రిస్టఫర్ అక్కడ కిట్ అయ్యాడు, కృష్ణ ఇక్కడ కిట్టు అయ్యాడు. ఒకరినొకరు ఎరుగరు, అయినా ఒకే రకంగా చిక్కిపోయారు. ఫ్రాన్సెస్ ఫ్యానీ కావడం, బార్తొలొమ్యూ బ్యాట్ కావడం ఈ కోవలోవే. ఎలిజబెత్ చివరి థ మెత్తబడి బెట్, బెట్టీ కావడం, డోరతీ డాట్ కావడం కూడా ఇలాంటివే, వాటి దగ్గర ఆగనవసరం లేదు.

నెడ్, నెల్, నాన్ మాత్రం పూర్తిగా వేరే దారి. మధ్యయుగపు ఇంగ్లీషులో ‘నా’ అనడానికి అచ్చుతో మొదలయ్యే మాట ముందు ‘మై’ కాకుండా ‘మైన్’ వాడేవారు. ప్రేమగా పిలిచేటప్పుడు ‘మైన్ ఎడ్’, ‘మైన్ ఎల్లెన్’, ‘మైన్ ఆన్’. విన్నవాళ్ళు సంధి తప్పుగా విడదీశారు. ‘మై నెడ్’, ‘మై నెల్’, ‘మై నాన్’ అయ్యాయి. నాన్ తరువాత నాన్సీ అయింది. ఆలివర్ నాల్ అయ్యాడు. రాజు తల తీయించి దేశాన్నేలిన ఆలివర్ క్రామ్‌వెల్‌ను ‘ముసలి నాల్’ అనేవారు. నిక్‌నేమ్ అన్న మాటే ఇలా పుట్టింది: ‘ఆన్ ఎక్‌నేమ్’, అంటే ఒక అదనపు పేరు, పదచ్ఛేదం తప్పి ‘అ నెక్‌నేమ్’ అయింది. ఇక నెడ్ తల మార్చుకుంటే టెడ్.

ఇప్పుడు మీ జాక్ దగ్గరికి వద్దాం. ఈ మొత్తం కథలో అన్నిటికంటే మెలికలున్నది ఇతనిదే. తెలుగు బైబిలు చదివినవారికి యోహాను తెలుసు. ఆ యోహానే లాటిన్‌లో జొహాన్నెస్, ఇంగ్లీషులో జాన్. జాక్ అన్న ధ్వని చూసి, ఇది ఫ్రెంచి జాక్ నుంచి వచ్చిందని చాలాకాలం అనుకున్నారు. కానీ ఫ్రెంచి జాక్ అంటే యోహాను కాదు, యాకోబు. ఇంగ్లీషులో అతను జేమ్స్. ఒక యోహానుకు యాకోబు పేరు ఎలా అంటుకుంటుంది? ఆక్స్‌ఫర్డ్‌లో బోడ్లియన్ గ్రంథాలయాధికారిగా ఉన్న నికల్సన్ 1892లో పాత రికార్డులు తిరగేసి వేరే వంశవృక్షం చూపించాడు. సముద్రానికి అవతలి ఫ్లాండర్స్ ప్రాంతం నుంచి ‘కిన్’ అనే ప్రత్యయం ఇంగ్లండుకు చేరింది. చిన్నవాడు, బుల్లోడు అనే అర్థంలో దాన్ని పేర్లకు తగిలించేవారు. విల్ విల్కిన్, వాట్ వాట్కిన్, సిమ్ సిమ్కిన్ అయినట్టే జాన్ జాన్‌కిన్ అయ్యాడు. మధ్యలోని న-కారం ఫ్రెంచి పలుకుబడి వల్ల ముక్కులోకి జారి మాయమైతే జాకిన్. ఆ చివరి ‘ఇన్’ కూడా ఎక్కువైంది, తీసేస్తే జాక్. అంటే ముందు పేరును పొడిగించి, ఆ పొడిగించినదాన్ని మళ్ళీ నరికారు. జాన్ కంటే జాక్ అక్షరాల్లో పొట్టి కాకపోవడానికి కారణం ఇదే.

ఊరికి సగం మంది జాక్‌లే కాబట్టి జాక్ అంటే ‘ఎవడో ఒక కుర్రాడు’ అన్న అర్థం వచ్చేసింది. కుర్రాడు చేసే పని చేసే పనిముట్లకూ అదే పేరు పెట్టారు. మన మెకానిక్కులు కారు పైకెత్తే జాకీలో ఉన్నది ఆ జాకే. పేకముక్కల్లో జాకీ కూడా అతనే. గుర్రప్పందేల జాకీ మాత్రం జాక్‌కు స్కాట్లండు రూపమైన ‘జొక్’ (Jock) నుంచి వచ్చాడు.

హెన్రీ కథ ఇంతకంటే సూటి. ఫ్రెంచి ‘ఆన్రీ’లోని న-ను ముక్కుతో పలకడం ఇంగ్లీషువాళ్ళకు చేతకాక హెరీ అన్నారు. ఆ కాలంలో ఎర్ అన్న ధ్వని ఆర్ వైపు జరుగుతూ ఉండేది. బ్రిటిష్‌వాళ్ళు గుమస్తాను క్లార్క్ అనడం దాని ఫలితమే. అలా హెరీ హ్యారీ అయింది. హెన్రీ అన్న రాజులను కూడా ప్రజలు పిలిచింది హ్యారీ అనే. హెన్రీ రాతలో ఉన్న పేరు. నేటి రాకుమారుడు హ్యారీ బాప్తిస్మపు పేరు హెన్రీ అని చదివి మీరు ఆశ్చర్యపోయి ఉంటే, ఇక అక్కర్లేదు.

నోటి పేరే అసలు పేరు అన్నానుగా, దానికి గట్టి రుజువు ఇంటిపేర్లు. ఇంగ్లండులో 13, 14 శతాబ్దాల ప్రాంతంలో ఇంటిపేర్లు స్థిరపడ్డాయి. ఆనాడు జనం నోట్లో ఏది ఉందో అదే గడ్డకట్టింది. రిచర్డ్ కొడుకులు రిచర్డ్‌సన్‌లే కాదు, డిక్సన్, డికెన్స్, హిక్స్, హిచ్‌కాక్ కూడా. రాబర్ట్ సంతతి హాబ్స్, హాబ్సన్, డాబ్సన్, హాప్కిన్స్. వాల్టర్ నుంచి వాట్సన్, నికొలస్ నుంచి నిక్సన్, గిల్బర్ట్ నుంచి గిబ్సన్, డేవిడ్ నుంచి డాసన్. మెటిల్డా అనే స్త్రీ పేరుకు టిల్ అన్న పొట్టి రూపం ఉంది, దాని నుంచి టిలట్‌సన్. మన ఆస్పత్రుల్లో వినే హాడ్జ్‌కిన్ వ్యాధికి 1832లో దాన్ని వర్ణించిన థామస్ హాడ్జ్‌కిన్ పేరు పెట్టారు. హాడ్జ్‌కిన్ అంటే ‘బుల్లి రోజర్’! చనువు పేరుగా హాడ్జ్ చచ్చిపోయి చాలాకాలమైంది. లండన్‌లో నిఘంటుకర్త శామ్యూల్ జాన్సన్ ఇంటి ముందు ఆయన పెంపుడు పిల్లి హాడ్జ్ విగ్రహం మాత్రం ఉంది.

క్రికెట్ తెలిసినవారికి ఒక్క పేరు చాలు: జాక్ హాబ్స్. బాప్తిస్మపు పేరు జాన్ బెరీ హాబ్స్. జాన్ జాక్ అయ్యాడు, ఇంటిపేరులో ఏనాటివాడో ఒక రాబర్ట్ హాబ్‌గా నిలిచిపోయాడు. పేరుకు అటూ ఇటూ నోటి రూపాలే. 1930-31లో ఆయనను, హెర్బర్ట్ సట్‌క్లిఫ్‌ను మన దేశానికి రప్పించి తన జట్టులో ఆడించినది విజయనగరం మహారాజకుమార్ విజయానంద గజపతిరాజు. ఆయనను క్రికెట్ లోకం విజ్జీ అంది. అదీ అచ్చం ఇంగ్లీషు పద్ధతే. మొదటి ముక్క ఉంచి, మిగతాది కోసి, చివర ‘ఈ’ తగిలించడం. టామీ, బిల్లీ, జిమ్మీలలోని ఈ ‘ఈ’ స్కాట్లండు వైపు ముందు బలపడి తరువాత దక్షిణానికి పాకింది.

ఒకే పేరుకు ఎన్ని కొమ్మలు రాగలవో చూడాలంటే ఎలిజబెత్‌ను మించినది లేదు. పేరులో బలంగా పలికేది రెండో అక్షరం కాబట్టి ముందు నుంచి కోయవచ్చు, వెనక నుంచీ కోయవచ్చు: ఎలైజా, లిజ్, లిజ్జీ, లిబీ, బెస్, బెట్, బెట్టీ, బెట్సీ, బెత్, ఎల్సీ. మొదటి ఎలిజబెత్ రాణిని ‘మంచి బెస్ రాణి’ అన్నారు. రెండో ఎలిజబెత్ పసితనంలో తన పేరు తాను పలకలేక అన్న లిలిబెట్ ఇంట్లో జీవితాంతం ఉండిపోయింది. దీని మీద ఇంగ్లీషు పిల్లలకు ఒక పొడుపుకథ ఉంది. ఎలిజబెత్, ఎల్స్‌పెత్, బెట్సీ, బెస్ కలిసి పిట్టగూడు వెతకబోయారు. గూట్లో ఐదు గుడ్లున్నాయి. తలా ఒకటి తీసుకున్నారు. గూట్లో ఇంకా నాలుగున్నాయి. ఎలా? వెళ్ళింది ఒక్కతే కదా!

ఈ తల మార్చే ఆట అన్ని పేర్లకూ వర్తించదు. 16వ శతాబ్దపు మతసంస్కరణ తరువాత బైబిలు పాత నిబంధన పేర్లు వెల్లువెత్తాయి: శామ్యూల్, బెంజమిన్, జోసెఫ్, డేనియల్. వీటికి శామ్, బెన్, జో, డాన్ అని తోక కోసి ఊరుకున్నారు. శామ్‌కు హామ్, డామ్ పుట్టలేదు. అప్పటికి ఇంటిపేర్లు స్థిరపడ్డాయి, పేర్ల రకాలు పెరిగాయి, మనుషులను వేరుచేయడానికి అంత అవస్థ లేదు. కాబట్టి అసలు పేరులో లేని అక్షరంతో మొదలయ్యే ముద్దుపేరు కనిపిస్తే, ఆ అసలు పేరు మధ్యయుగపుదని దాదాపు ధీమాగా అనవచ్చు.

ఒక జాగ్రత్త. డిక్ అన్న మాటకు ఆధునిక ఇంగ్లీషులో బూతు అర్థం అంటుకుంది. పాత తరంలో అమెరికా ఉపాధ్యక్షుడు రిచర్డ్ చేనీ డిక్ చేనీగానే చలామణీ అయ్యాడు గానీ, ఇప్పటి రిచర్డ్‌లు రిక్, రిచ్ అనిపించుకోవడానికే ఇష్టపడతారు. ఆయన తనంతట తాను చెప్పుకుంటే తప్ప మీరు ఏ రిచర్డ్‌నూ డిక్ అనకండి.

ఇక రెండో ప్రశ్న. జాక్‌ను జాన్ అని నమోదు చేయకండి. ఆయన జాన్ ఎఫ్. కెన్నెడీ తరంవాడైతే మీ ఊహ బహుశా సరిపోయేది. కెన్నెడీ జాక్, తమ్ముళ్ళు రాబర్ట్ బాబీ, ఎడ్వర్డ్ టెడ్. కానీ ఇంగ్లండులో 1990ల మధ్య నుంచి 2008 వరకు మగపిల్లలకు అందరికంటే ఎక్కువగా పెట్టిన పేరు జాక్. జనన ధ్రువపత్రంలోనే జాక్. వాళ్ళకు వెనక ఏ జానూ లేడు. టెడ్ ఎడ్వర్డ్ కావచ్చు, థియొడోర్ కావచ్చు. బర్ట్ అయితే ఆల్బర్ట్, హెర్బర్ట్, రాబర్ట్, గిల్బర్ట్ ఎవరైనా కావచ్చు. పెగ్గీ వెనక మార్గరెట్ ఉందని చెప్పడం తేలికే, మిగతావాళ్ళతో అంత ధైర్యం పనికిరాదు. క్రికెట్ అంపైర్ డికీ బర్డ్‌ను రిచర్డ్ అనుకుంటే తప్పే. ఆయన హెరల్డ్ డెనిస్. బర్డ్ అన్న ఇంటిపేరుకు తోడుగా, పిల్లలు పిట్టను పిలిచే డికీ వచ్చి చేరింది. అధికారిక సందర్భంలో ఏ పేరు వాడాలన్నదీ మనిషి ఇష్టమే. 1977లో అధ్యక్ష ప్రమాణం జిమ్మీ కార్టర్ జిమ్మీగానే చేశాడు, 1993లో బిల్ క్లింటన్ విలియం జెఫర్సన్ క్లింటన్‌గా చేశాడు.

కాబట్టి ఆయనకే ఒక వాక్యం మెయిల్ పెట్టి, పాస్‌పోర్టులో ఉన్న పేరు ఏమిటో, పిలవవలసిన పేరు ఏమిటో రెండూ అడగండి. మీ రికార్డులో ఒకటే గడి ఉంటే పాస్‌పోర్టు పేరు అందులో రాసి, ఉత్తరాలలో మాత్రం జాక్ అనే సంబోధించండి.